మారవలసినది ఎవరు? ఆస్ట్రేలియాలో సిలువ అర్థంపై సాగిన వివాదం

1880 అక్టోబరులో మెల్‌బోర్న్ నగరవాసులకు మాట్లాడుకోవడానికి విషయాలకు కొదవ లేదు. ఆ నెల 1వ తేదీన అంతర్జాతీయ ప్రదర్శన ప్రారంభమైంది. బంగారు గనుల సంపదతో ముప్పై యేళ్లలో మహానగరంగా ఎదిగిన వైనాన్ని ఆ ప్రదర్శన ప్రపంచానికి చాటుతోంది. నెలాఖరున నెడ్ కెల్లీ అనే బందిపోటుకు మరణశిక్ష పడింది. శిక్ష రద్దు చేయమని వేలాదిమంది అర్జీల మీద సంతకాలు చేసినా, నవంబరు 11న అతణ్ణి ఉరితీశారు. నేరానికి శిక్ష తప్పదా, దయకు తావున్నదా అన్న ప్రశ్న వీధుల్లో నలుగుతున్న ఆ రోజుల్లోనే, అదే ప్రశ్న మరొక రూపంలో చర్చి గోడల లోపలికి వచ్చింది. ఆ అక్టోబరులో ‘విక్టోరియన్ రివ్యూ’ అనే పత్రికలో ఒక వ్యాసం వెలువడింది. రచయిత కాలిన్స్ స్ట్రీట్‌లోని స్కాట్స్ చర్చి పాదిరి, 36 ఏళ్ల చార్ల్స్ స్ట్రాంగ్. వ్యాస విషయం ప్రాయశ్చిత్తం: క్రీస్తు సిలువ మరణం మనుషుల పాపాన్ని ఎలా తొలగించింది?

ఆ వ్యాసం రేపిన వివాదం ఒక పాదిరి పదవిని బలిగొన్నది, ఒక కొత్త చర్చికి పురుడు పోసింది. యాభై యేళ్ల తరువాత అదే ప్రశ్న సిడ్నీలో ఒక ఆచార్యుణ్ణి ముద్దాయిగా నిలబెట్టింది. మరో ఇరవై యేళ్లకు, మెల్‌బోర్న్‌లోని ఒక పండితుడు రాసిన గ్రంథం ద్వారా అది ప్రపంచమంతటా వేదాంత విద్యార్థుల బల్లల మీదికి చేరింది. ఆస్ట్రేలియా మతం పట్ల ఉదాసీనమైన దేశమని పేరుబడ్డది. అయినా సిలువ అర్థాన్ని గురించి అక్కడ ఇంత తీవ్రంగా ఎందుకు వాదించుకున్నారో తెలియాలంటే, ముందు ఆ ప్రశ్న ఎంత పాతదో చూడాలి.

ఒక మరణం, అనేక పోలికలు

క్రీస్తు స్వభావం ఏమిటన్న విషయాన్ని తొలి శతాబ్దాల చర్చి 325 నాటి నైసియా సభ మొదలుకొని పలు మహాసభల్లో నిర్వచించింది. కాని ఆయన మరణం మనిషిని ఏ విధంగా రక్షిస్తుందన్న విషయాన్ని ఆ మహాసభలేవీ నిర్వచించలేదు. కొత్త నిబంధన కూడా ఒకే పోలికతో సరిపెట్టదు. బానిస విడుదలకు చెల్లించిన వెల, దేవాలయంలో అర్పించిన బలి, న్యాయస్థానంలో వెలువడిన తీర్పు, శత్రువుల మధ్య కుదిరిన సంధి, దుష్టశక్తులపై గెలుపు: ఇవన్నీ అందులో పక్కపక్కనే ఉంటాయి.

ఆ పోలికల నుండి సిద్ధాంతాలు పుట్టాయి. 1098 ప్రాంతంలో ఆన్సెల్మ్ ‘దేవుడు మనిషి ఎందుకయ్యాడు’ అన్న గ్రంథంలో పాపాన్ని ఒక బాకీగా చూశాడు. మనిషి దేవునికి చెల్లించవలసిన గౌరవాన్ని ఎగవేశాడు. బాకీ మనిషిది, తీర్చే శక్తి దేవునికి మాత్రమే ఉంది. అందుచేత దేవుడే మనిషిగా వచ్చి దానిని తీర్చాడు. పన్నెండవ శతాబ్దిలో అబెలార్డ్ దృష్టి మరో వైపు మళ్లింది. సిలువపై వెల్లడైన ప్రేమ మనిషి గుండెను కరిగించి దేవుని వైపు తిప్పుతుందన్నది ఆయన నొక్కి చెప్పిన మాట. పదహారవ శతాబ్దిలో, న్యాయశాస్త్రం చదివిన కాల్విన్ చేతిలో బాకీ స్థానంలో శిక్ష వచ్చింది: మనుషులు పొందవలసిన దండనను వారికి బదులుగా క్రీస్తు భరించాడు.

ఈ వాదాలన్నిటినీ ఒక ప్రశ్నతో తూచవచ్చు. సిలువ వలన మార్పు కలిగింది ఎవరిలో? దేవుని కోపం చల్లారిందా, మనిషి మనస్సు తిరిగిందా? పందొమ్మిదవ శతాబ్దపు ప్రెస్బిటేరియన్లకు ఇది తీరిక వేళ చర్చ కాదు. వారి పాదిరులు 1646లో రూపొందిన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాసప్రమాణానికి కట్టుబడతామని సంతకం చేసి పదవి చేపట్టేవారు. క్రీస్తు తన విధేయత చేతను, బలి చేతను తండ్రి న్యాయాన్ని సంపూర్ణంగా తృప్తిపరచాడని ఆ ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. దానిని కాదనడం ఒప్పందాన్ని ఉల్లంఘించడమే. స్కాట్లాండులో జాన్ మెక్లౌడ్ క్యాంప్‌బెల్ అనే పాదిరి, క్రీస్తు మరణం ఎన్నుకోబడిన కొందరి కోసం కాక అందరి కోసమని బోధించినందుకు 1831లో పదవి కోల్పోయాడు. 1856లో ఆయన వెలువరించిన గ్రంథం ప్రాయశ్చిత్తాన్ని శిక్షగా గాక, మానవజాతి తరఫున క్రీస్తు చేసిన పరిపూర్ణమైన పాపపు ఒప్పుకోలుగా వివరించింది. చార్ల్స్ స్ట్రాంగ్ గ్లాస్గోలో చదువుకున్న నాటికి ఆ గాలి విశ్వవిద్యాలయంలో వీస్తూనే ఉంది.

కాలిన్స్ స్ట్రీట్ పాదిరి

స్ట్రాంగ్ 1875లో మెల్‌బోర్న్ చేరాడు. స్కాట్స్ చర్చి సంఘం నగరంలోని సంపన్నులకు, విద్యావంతులకు నిలయం. ఆయన ప్రసంగాలకు జనం కిక్కిరిసేవారు. డార్విన్ చదివిన తరం అది. బైబిలును చరిత్ర దృష్టితో పరిశీలించే జర్మన్ పండితుల మాటలు విన్న తరం కూడా. తండ్రి అని పిలవదగిన దేవుడు, నిర్దోషి రక్తం కళ్లజూస్తే తప్ప క్షమించలేడా అన్న సందేహం ఆ తరానికి కొత్త కాదు. పాత వివరణలు ఆయా యుగాల న్యాయభావనల నుండి పుట్టినవనీ, యుగం మారితే వివరణ కూడా మారవచ్చుననీ స్ట్రాంగ్ దృష్టి. ఆయన దృష్టిలో సిలువ, మనిషిని దేవునితో ఏకం చేసే ఆత్మసమర్పణ జీవితానికి పరాకాష్ఠ.

మెల్‌బోర్న్ ప్రెస్బిటరీ విచారణ సంఘాన్ని నియమించింది. ఆ వ్యాసం మీద వారి ప్రధాన ఆక్షేపణ, అది చెప్పినదాని గురించి కన్నా చెప్పక విడిచినదాని గురించి: మధ్యవర్తిగా క్రీస్తు దైవత్వం గురించి, ఆయన ద్వారా సిద్ధించిన పాపపరిహారం గురించి అందులో స్పష్టత లేదు. ఇకమీద ఆ మూలవిషయాలకు తన బోధలో ప్రాముఖ్యమివ్వమని 1881లో ఆయనకు హితవు చెప్పారు. స్ట్రాంగ్ రాజీనామాకు సిద్ధపడ్డాడు. సంఘం వదులుకోలేక ఆయనను సెలవు మీద పంపింది.

గొడవ చల్లారలేదు. 1883 ఆగస్టులో సుప్రీం కోర్టు న్యాయమూర్తి జార్జ్ హిగిన్‌బాతమ్ స్కాట్స్ చర్చిలో విజ్ఞానశాస్త్రం, మతం అన్న విషయంపై ఉపన్యసిస్తూ విశ్వాసప్రమాణాలను ఘాటుగా విమర్శించాడు. సభకు అధ్యక్షుడు స్ట్రాంగ్. ఆ మాటలను ఖండించకుండా ఊరుకోవడమే నేరమైంది. అసత్య బోధను ప్రచారం చేశాడన్న అభియోగం సిద్ధమయ్యేసరికి స్ట్రాంగ్ రాజీనామా చేసి బ్రిటన్‌కు ఓడ ఎక్కాడు. నవంబరులో విక్టోరియా ప్రెస్బిటేరియన్ మహాసభ ఆయన ఇక తమ పాదిరి కాడని ప్రకటించింది.

ఆయన మరుసటి ఏడు తిరిగి వచ్చాడు. 1885లో అభిమానులతో కలిసి ‘ఆస్ట్రేలియన్ చర్చి’ని స్థాపించాడు. ఏ విశ్వాసప్రమాణానికీ సభ్యులను కట్టివేయని చర్చి అది. తరువాత ప్రధానమంత్రి అయిన ఆల్ఫ్రెడ్ డీకిన్, స్త్రీల ఓటుహక్కు కోసం పోరాడిన వైడా గోల్డ్‌స్టీన్ దాని ప్రభావంలోకి వచ్చినవారే. మురికివాడల్లో సేవ, కార్మికుల సంక్షేమం, యుద్ధ వ్యతిరేకత స్ట్రాంగ్ మార్గమయ్యాయి. సిలువ మనిషిని మార్చడానికైతే ఆ మార్పు వీధిలో కనిపించాలన్నది ఆయన ఆచరించి చూపిన తర్కం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నిర్బంధ సైనిక సేవను వ్యతిరేకించినందుకు సభ్యులు చాలామంది దూరమయ్యారు. అయినా 1942లో మరణించేవరకు ఆయన వెనుదిరగలేదు.

ప్రెస్బిటరీ పెద్దలను మూర్ఖులుగా చిత్రించడం సులభమే కాని న్యాయం కాదు. పాపం కేవలం అజ్ఞానమైతే దానికి మంచి ఉదాహరణ చాలు. అది నిజంగా ఒకరికి చేసిన అన్యాయమైతే, చేసినవాడు మనసు మార్చుకున్నంత మాత్రాన జరిగిన నష్టం పూడదు. ఎవరో ఒకరు దానిని భరించాలి. ఆ పెద్దలు కాపాడదలచినది ఈ ఎరుకను. స్ట్రాంగ్ కాపాడదలచినది దేవుని మంచితనాన్ని. ఇరువురి ఆందోళనా సత్యమైనదే.

సిడ్నీలో ముగియని విచారణ

1901లో వివిధ కాలనీల ప్రెస్బిటేరియన్ చర్చిలు ఒక్కటై ఆస్ట్రేలియా ప్రెస్బిటేరియన్ చర్చిగా ఏర్పడ్డాయి. ఆ సందర్భంగా వెస్ట్‌మిన్‌స్టర్ ప్రమాణానికి ఒక వివరణ ప్రకటనను జోడించారు. సిద్ధాంతానికి మూలం కాని విషయాల్లో అభిప్రాయ స్వేచ్ఛ ఉంటుందని అందులో చెప్పారు. మూలమేది, కానిదేదని మాత్రం జాబితా ఇవ్వలేదు. ఆ ఖాళీ 1930లలో పెద్ద సంకటమైంది.

ఐర్లండులో 1881లో పుట్టి, ప్రిన్‌స్టన్‌లోనూ బెర్లిన్‌లోనూ చదివిన శామ్యూల్ ఆంగస్ 1915లో సిడ్నీకి వచ్చాడు. సెయింట్ ఆండ్రూస్ కళాశాలలో పాదిరులు కాబోయేవారికి కొత్త నిబంధన బోధించేవాడు. ప్రాచీన గ్రీకు, రోమను రహస్య మతాలపై 1925లో వచ్చిన ఆయన గ్రంథం అంతర్జాతీయంగా పేరు తెచ్చుకుంది. మరణించి లేచే దేవతలు, శుద్ధి కర్మలు, బలులు నిండిన ఆ ప్రపంచాన్ని లోతుగా చదివిన ఆంగస్‌కు, సిలువ చుట్టూ అల్లుకున్న బలి పరిభాష ఆ కాలపు అలవాటైన మాటతీరుగా కనిపించింది. యేసు జీవించిన మతం వేరు, యేసును గురించి తరువాత ఏర్పడిన మతం వేరన్నది ఆయన నిశ్చయం. కన్యాజననం, దేహంతో పునరుత్థానం, త్రిత్వం, బదులు మరణం: వీటిలో దేనినీ విశ్వాసానికి తప్పనిసరి షరతుగా ఆయన ఒప్పుకోలేదు. తప్పిపోయిన కుమారుడు ఇల్లు చేరినప్పుడు తండ్రి ఏ మూల్యమూ అడగకుండానే అక్కున చేర్చుకున్నాడు కదా అన్నది ఆ కాలపు ఉదారవాదులందరికీ ఇష్టమైన ఉపమానం.

యుద్ధానంతర ఆస్ట్రేలియాలో బలి అన్న మాట బరువు వేరు. మొదటి ప్రపంచయుద్ధంలో సుమారు 60,000 మంది ఆస్ట్రేలియన్లు చనిపోయారు. ఊరూరా వెలసిన స్మారకస్తంభాలు ఆ మరణాలను ఇతరుల కోసం చేసిన త్యాగంగా, సిలువ పరిభాషలోనే కీర్తించాయి. ఒకరు మరణించి మరొకరికి ప్రాణమిచ్చారన్న భావం కొడుకుల్ని కోల్పోయిన ఇళ్లలో పుస్తకాల మాట కాదు. అటువంటి సమాజంలో, ఆ భావానికి పునాది అనుకున్న సిద్ధాంతాన్ని చర్చి జీతం తీసుకునే ఆచార్యుడే ప్రశ్నించడం చాలామందికి సహించరానిదైంది.

1930ల ఆరంభంలో ఫిర్యాదులు మొదలయ్యాయి. 1934లో ఆంగస్ ‘సత్యం, సంప్రదాయం’ అన్న గ్రంథంతో తన వైఖరిని బహిరంగపరిచాడు. వ్యవహారం సిడ్నీ ప్రెస్బిటరీ నుండి రాష్ట్ర సభకు, అక్కణ్ణుంచి జాతీయ మహాసభకు పోయి, వాయిదాల మీద వాయిదాలు పడింది. శిష్యులు ఆయనను ఎంతగా ప్రేమించారో ప్రత్యర్థులు అంతగా పట్టుబట్టారు. 1943లో ఆయన మరణించేనాటికి ఆయనను దోషిగా తేల్చిన తీర్పు ఏదీ లేదు, నిర్దోషిగా తేల్చినదీ లేదు. స్ట్రాంగ్ కాలంలో చర్చి అధికారంతో ప్రశ్నను మూసివేయబోయింది. ఆంగస్ కాలానికి అలా మూసివేసే శక్తి కూడా దానికి సన్నగిల్లింది.

ఎడారి పాదిరి, గ్రీకు మాటలు

మూడవ ఘట్టం విచారణలతో కాక నిఘంటువులతో నడిచింది. 1914లో న్యూ సౌత్ వేల్స్‌లోని లిత్‌గో అనే గనుల ఊరిలో పుట్టిన లియాన్ మారిస్ మొదట విజ్ఞానశాస్త్ర పట్టభద్రుడు, బడిపంతులు. ఆంగ్లికన్ పాదిరిగా రెండవ ప్రపంచయుద్ధ కాలాన్ని దక్షిణ ఆస్ట్రేలియా లోతట్టు ప్రాంతంలోని మినిపాలో గడిపాడు. ఇళ్ల మధ్య పదుల మైళ్ల దూరం, మట్టి రోడ్లు. భార్య మిల్డ్రెడ్ తోడుగా ఆ విశాలమైన పరిధిలో తిరుగుతూనే, ఒంటరిగా చదువుకుని లండన్ విశ్వవిద్యాలయపు వేదాంత పట్టాలు సంపాదించాడు. 1945లో మెల్‌బోర్న్‌లోని రిడ్లీ కళాశాలకు ఉపాధ్యక్షుడిగా వచ్చాడు. కేంబ్రిడ్జ్‌లో చేసిన పరిశోధన 1955లో ‘సిలువను గూర్చిన అపొస్తలుల బోధ’ అన్న అర్థం వచ్చే ఆంగ్ల శీర్షికతో గ్రంథమైంది.

మారిస్ ఎదుర్కొన్నది సి. హెచ్. డాడ్ అనే మహాపండితుణ్ణి. కొత్త నిబంధనలో సిలువకు సంబంధించి వాడిన ‘హిలాస్కెస్థై’ అన్న గ్రీకు క్రియ, దాని సంబంధిత పదాలు సాధారణ గ్రీకు వాడుకలో కోపించిన దేవతను శాంతింపజేయడాన్ని సూచిస్తాయి. బైబిలులో మాత్రం ఆ అర్థం లేదనీ, పాపపు మరకను తుడిచివేయడమనే అర్థమే ఉన్నదనీ డాడ్ 1931లో వాదించాడు. శాంతింపజేయడమైతే క్రియ దేవుని మీద జరుగుతుంది; తుడిచివేయడమైతే పాపం మీద జరుగుతుంది. 1946లో వెలువడిన సవరించిన ఆంగ్ల అనువాదం డాడ్ పక్షమే వహించి, పాత ఆంగ్ల అనువాదంలోని శాంతిబలి అర్థాన్ని తొలగించింది.

మారిస్ ఆ పదాలు వచ్చిన చోట్లన్నీ వాటి సందర్భాలతో సహా పరిశీలించాడు. రోమా పత్రికలో ఆ మాటకు ముందు దాదాపు రెండు అధ్యాయాల నిండా దేవుని ఉగ్రత ప్రస్తావన ఉండగా, ఆ ఉగ్రత ఏమైందో చెప్పకుండా వాదన ఎలా ముగుస్తుందని ఆయన ప్రశ్న. విమోచన అన్న మాట వెనుక బానిస విడుదలకు చెల్లించే వెల ఉందనీ, రక్తం అన్న మాట హింసాత్మకంగా తీయబడిన ప్రాణాన్ని సూచిస్తుందనీ ఆయన చూపించాడు. అయితే ఈ ఉగ్రత అన్యమతాల దేవతల చిరాకు వంటిది కాదని కూడా ఆయన గట్టిగా చెప్పాడు. చెడును ఎన్నటికీ సహించని పవిత్రత అది. దానిని శాంతపరిచే బలిని మనిషి లంచంగా తేలేదు. దేవుడే స్వయంగా సమకూర్చాడు. ప్రేమ ఆ బలి వల్ల పుట్టలేదు. ఆ బలే ప్రేమ నుండి పుట్టింది.

మారిస్ వాదన అందరినీ ఒప్పించలేదు. కాని ఆ తరువాత ఈ విషయం మీద రాసేవారెవరూ ఆయనను దాటవేసి పోలేకపోయారు. 1964 నుండి 1979 వరకు ఆయన రిడ్లీ కళాశాలకు అధ్యక్షుడిగా ఉన్నాడు, 2006లో మరణించాడు. స్ట్రాంగ్ స్థాపించిన ఆస్ట్రేలియన్ చర్చి మూతపడింది కూడా మారిస్ గ్రంథం వచ్చిన 1950లలోనే, అదే మెల్‌బోర్న్‌లోనే.

తెలుగు బైబిలులో ఆ మాటలు

డాడ్, మారిస్‌ల వివాదం తెలుగు పాఠకుడికి పరాయిది అనిపించవచ్చు. కాని తెలుగు బైబిలు తెరిస్తే ఆ తగవు మన భాషలోనే కనిపిస్తుంది. ఒకే గ్రీకు ధాతువు నుండి వచ్చిన పదాలకు అనువాదకులు మూడు చోట్ల మూడు మాటలు వాడారు. రోమా పత్రికలో ‘కరుణాధారము’, యోహాను మొదటి పత్రికలో ‘శాంతికరము’, హెబ్రీ పత్రికలో ‘పరిహారము’. గ్రహశాంతి, శాంతిహోమం తెలిసిన తెలుగు చెవికి శాంతి అన్న మాట కోపించిన శక్తిని చల్లార్చడాన్నే గుర్తుచేస్తుంది. పరిహారం దోషాన్ని తొలగించడాన్ని స్ఫురింపజేస్తుంది. కరుణాధారం ఈ రెండిటినీ దాటి, ఆ క్రియకు మూలం దేవుని దయేనంటుంది. మారిస్ ఒక మాటలో, డాడ్ మరొక మాటలో, స్ట్రాంగ్ మూడవ మాటలో తమకు కావలసిన అర్థాన్ని వెతుక్కోవచ్చు.

ప్రాయశ్చిత్తం అన్న మాట సంగతి మరీ ఆసక్తికరం. యాజ్ఞవల్క్య స్మృతి ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు భాగాలుగా ఉంటుంది. అక్కడ పాపం చేసినవాడే వ్రతమో దానమో ఉపవాసమో చేసి దానిని తీర్చుకోవాలి. తెలుగు బైబిలు ఆ మాటనే లేవీయకాండంలో యాజకుడు ప్రజల కోసం చేసే కర్మకు వాడింది. క్రైస్తవ బోధలో అది ఒకరి పాపానికి మరొకరు చేసే ప్రాయశ్చిత్తమయ్యింది. మాట నిలిచింది, కర్త మారాడు. ఒకరి కర్మఫలం మరొకరికి సంక్రమిస్తుందా అని తెలుగునాట పందొమ్మిదవ శతాబ్దంలో మిషనరీలను అడిగినవారి సందేహం, స్ట్రాంగ్ వంటివారు తమ చర్చి పెద్దల ముందుంచిన సందేహం నిజానికి ఒకటే.

చర్చి దాటిన ప్రశ్న

1977లో ప్రెస్బిటేరియన్లలో అధిక సంఖ్యాకులు మెథడిస్టులతో, కాంగ్రిగేషనలిస్టులతో కలిసి యునైటింగ్ చర్చిగా ఏర్పడ్డారు. ఆనాటి పాత తగవులను గుర్తుంచుకునేవారు తగ్గిపోయారు. కాని ప్రశ్న మరో తావు వెతుక్కున్నది. 1991లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆదివాసులతో సయోధ్య కోసం ఒక మండలిని ఏర్పరచింది. ఆ సయోధ్యకు వాడిన ఆంగ్లపదమే, పౌలు పత్రికల్లో తెలుగు బైబిలు ‘సమాధానపరచుట’ అన్న చోట ఆంగ్ల బైబిలు వాడే పదం. తల్లిదండ్రుల నుండి వేరుచేయబడిన ఆదివాసి పిల్లల గురించి 1997లో నివేదిక వెలువడినప్పుడు, పూర్వుల తప్పుకు నేటివారు క్షమాపణ చెప్పాలా అన్న వాదం దేశాన్ని చీల్చింది. 1999లో ప్రధాని జాన్ హోవర్డ్ పార్లమెంటులో విచారం వ్యక్తపరచాడు కాని క్షమాపణ అనలేదు. 2008 ఫిబ్రవరి 13న ప్రధాని కెవిన్ రడ్ ఆ మాట అన్నాడు.

ఆ వాదనలో పాత సిద్ధాంతాల ప్రతిధ్వని స్పష్టంగా వినవచ్చు. మనసు మారితే చాలునన్నవారు కొందరు. మాటతో పని లేదు, బాకీ తీరాలన్నవారు కొందరు. తాను చేయని తప్పుకు తానెందుకు బాధ్యుడనన్నవారు ఇంకొందరు. వైరానికి కారణమైనది తొలగకుండా సంధి కుదరదన్నది మారిస్ తన గ్రంథంలో సమాధానపరచుట అన్న మాట గురించి చెప్పిన విషయం. మార్పు వీధిలో కనిపించాలన్నది స్ట్రాంగ్ జీవితం చెప్పిన విషయం. 1880లో ఈ రెండూ ఒకే చర్చిలో ఇమడలేదు. 2008 నాటికి క్షమాపణ కోరిన దేశానికి రెండూ అవసరమయ్యాయి.

మెల్‌బోర్న్, సిడ్నీ నగరాల్లో నేడు తెలుగు క్రైస్తవ సంఘాలున్నాయి. గుడ్ ఫ్రైడే ఆ దేశంలో అందరికీ సెలవు దినం. ఆనాడు యేసు సిలువపై పలికిన ఏడు మాటల ధ్యానం జరుపుకోవడం తెలుగు చర్చిల ఆనవాయితీ. ఆ ఏడింటిలో మొదటిది, తనను చంపుతున్నవారిని క్షమించమని చేసిన ప్రార్థన. నాలుగవది, దేవుడు తన చేయి విడిచాడన్న ఆక్రందన. క్షమాపణ ఉచితమని మొదటిది చెబుతుంది. దాని వెల ఎంతో నాలుగవది చెబుతుంది. ప్రెస్బిటరీలు, ఆచార్యులు ఈ రెండిటిలో ఒకదానిని ఎంచుకోవడానికి తరాల తరబడి పోరాడారు. ఆరాధనలో మాత్రం రెండూ ఒకే మధ్యాహ్నం, ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాయి.